నూట పదమూడో ప్రూఫు

మా ఆఫీసులో ఆవిడను అందరూ అక్కా అని పిలుస్తారు. అటు తిరగగానే ముందు ఇంకో మాట తగిలించి అనుమానం అక్క అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలియకుండా ఆ ఆఫీసులో టీ కూడా చల్లారదు. ఆరేళ్లుగా నాది పక్క కుర్చీ. ఆవిడ గురించి చెప్పే అర్హత నాకుందో లేదో గాని, చెప్పాల్సిన బాకీ మాత్రం ఉంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆవిడ ఉద్యోగం ఊడే పరిస్థితి తెచ్చింది నేనే. అదీ ఒక ఎడిటర్ వల్ల.

ఎడిటర్ అంటే ఇక్కడ మనిషి కాదు. వెబ్‌సైట్లు చేసేవాళ్లం కోడ్ రాసుకునే ప్రోగ్రామ్. వంట చేసేవాళ్లకు కత్తిపీట ఎలాగో మాకు అది అలాగ. ఒకరిది ఇంకొకరి చేతికి నప్పదు, నప్పలేదంటే ఒప్పుకోరు.

మాది మూడో అంతస్తు. కింద టైర్ల కొట్టు, దాని మీద కుట్టుపని నేర్పే గది, ఆ పైన మేం ఐదుగురం. లిఫ్టు ఉంది. అక్క ఎక్కదు. వాళ్లాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్, ఈ లిఫ్టును చూసుకునేదీ ఆయనే. ఎందుకు ఎక్కవక్కా అంటే, ఆయన ఇంట్లో కుళాయి ఎలా బాగుచేస్తాడో నేను చూశాను కదా అంటుంది. చీర బాగుందని ఎవరైనా అంటే వెంటనే అంచు వెనక్కి తిప్పి ఎక్కడైనా చిరిగిందేమో చూసుకుంటుంది. తాళం వేశాక మూడుసార్లు లాగుతుంది, నాలుగు మెట్లు దిగాక వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతుంది. ఎవరైనా తీయగా పలకరిస్తే, విషయమేంటో చెప్పు అంటుంది.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. ఇక్కడికి రాకముందు ఆవిడ ఒక ప్రెస్సులో కంపోజింగు చేసేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఒకసారి ఒక ఫర్నిచర్ దుకాణం కరపత్రాల్లో ఫోన్ నంబరు తప్పు పడింది. తప్పు నంబరు రాసిచ్చింది దుకాణం ఆయనే. ఆయన చేత్తో రాసిన చీటీ చూసే ఆవిడ కొట్టింది. కానీ పదివేల కరపత్రాలు ఊరంతా పంచాక ఆ చీటీ వెతికితే కనబడలేదు. దుకాణం ఆయన నేనలా రాయలేదన్నాడు, ప్రెస్సు యజమాని నమ్మాడు. చీటీ పోయింది, దాని వెనకే ఉద్యోగమూ పోయింది. ఇదంతా ఆవిడ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. చెబుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

అప్పట్నుంచి ఆవిడకు కాగితం కావాలి. మా దగ్గర చేరాక కోడ్ నేర్చుకుంది, మాకంటే శుభ్రంగా రాస్తుంది. కానీ ప్రెస్సు అలవాటు మాత్రం వదల్లేదు. ఒక పేజీ చేతులు మారినా, ఎవరైనా దాన్ని ముట్టుకున్నా, మొత్తం ఫైలు ప్రింటు తీస్తుంది. దాన్ని ప్రూఫు అంటుంది. మారిన లైన్ల పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు పెడుతుంది. పైన వరస సంఖ్య, తేదీ. కింద, మార్చినవాళ్ల చేత "ఇవి మార్చింది నేను" అని రాయించి సంతకం. ఆ తర్వాత అది స్టీలు డ్రాయరులోకి పోతుంది. తాళంచెవి ఆవిడ బ్యాగు లోపలి జిప్పులో. కంప్యూటర్లో చేసే పనికి కాగితం మీద సంతకమేంటని మేం పగలబడి నవ్వేవాళ్లం. నవ్వుతూనే పెట్టేవాళ్లం. చదివి పెట్టేవాళ్లం మాత్రం కాదు.

కిందటేడు వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అయింది. అక్క పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఆవిడ చూసే సైట్లలో ఒక కంటి ఆసుపత్రిది కూడా ఉంది. వాళ్లమ్మను మాత్రం అక్కడికి తీసుకెళ్లలేదు. వాళ్ల సైటు లోపల ఎలా ఉందో తెలిసిన మనిషి మరి. ఆ పదిహేను రోజులూ ఆ సైటును నేను చూశాను. అపాయింట్‌మెంటు ఫారంలో "అత్యవసరం" అనే గడి ఒకటి పెట్టమని ఆసుపత్రివాళ్లు అడిగితే పెట్టాను. దానికి టిక్కు పెడితే ఆ విన్నపం నేరుగా డ్యూటీ డాక్టరు మెయిలుకు పోవాలి. పరీక్ష కోసం ముందు మా ఆఫీసు ట్రయల్ మెయిలు పెట్టాను. అది మేమందరం వాడే చెత్తబుట్టలాంటిది, ఎవరూ తెరవరు. పరీక్ష అయ్యాక అసలు చిరునామా పెట్టాలి. నేను పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి కూడా నాకు తెలియదు.

అక్క సెలవు ముగించుకుని వచ్చి మామూలుగానే ప్రింటు తీసింది. నేను టీ తాగుతూ, నవ్వుతూ సంతకం పెట్టాను. అది నూట పదమూడో ప్రూఫు.

ఇంతలో మా అందరి పనీ నడిపించడానికి కొత్త లీడ్ వచ్చాడు. ఆఫీసు యజమాని మేడమ్ ఎక్కడో పట్టుకొచ్చింది. చురుకైనవాడే, కానీ కూర్చోడు. నిలబడే మాట్లాడతాడు, మన మాట సగంలో ఉండగానే తలూపేస్తాడు. వచ్చిన వారంలోనే రెండు ఆజ్ఞలు వేశాడు. ఒకటి, ఇకనుంచి ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే ఒక రిజిస్టరులో ఉంటాయి, ఏ లైను ఎవరు చివరగా మార్చారో పక్కన పేరు కనబడుతుంది, కాబట్టి కాగితాలు బంద్. రెండు, అందరూ ఒకే ఎడిటర్ వాడాలి. మూడు ఎడిటర్ల పేర్లు బోర్డు మీద రాసి, రెండు వారాలు వాడి చూసి అందరూ కలిసి ఎంచుకోండన్నాడు.

అప్పటిదాకా అక్క వాడింది పాత ఎడిటర్. నల్ల తెర, తెల్లక్షరాలు, అంతే. రంగులుండవు, సలహాలుండవు. మనం కొట్టింది కొట్టినట్టు ఉంచుతుంది. ఆ పాతదాన్ని మాన్పించి కొత్తదానికి అలవాటు చేసే బాధ్యత లీడ్ నాకప్పగించాడు. వచ్చే నెల నుంచి నన్ను తన కింద సహాయకురాలిగా వేస్తానని కూడా చెప్పాడు. నేను రెక్కలొచ్చినట్టు తిరిగాను.

ఎడిటర్ ఎంచుకోవడమంటే మేమందరం ఏం చేస్తాం? రంగులు చూస్తాం, త్వరగా తెరుచుకుంటుందా చూస్తాం, స్నేహితులు ఏది వాడుతున్నారో అడుగుతాం. అక్క అలా కాదు. పెళ్లి సంబంధానికి కూడా అంత విచారణ జరగదు. మొదట ఆ మూడు ఎడిటర్ల కంపెనీలు పెట్టే షరతులన్నీ ప్రింటు తీసింది. నలభై ఏడు పేజీలు. రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని చదివింది. ఇందులో రెండు ఉచితం అని ఉంటే, మరి వాళ్లు తినేదేంటని నన్నడిగింది. తర్వాత నెట్ వైరు పీకేసి ఏది పనిచేస్తుందో చూసింది. ఒకటి కాసేపటికే మొరాయించింది. దాని పేరు బోర్డు మీద తనే కొట్టేసింది.

ఆ మర్నాడు ఒక ఫైల్లో అర్థంపర్థం లేని మాట ఒకటి తయారుచేసి కొట్టింది. రెండు రోజులాగి ఇంకో ఫైలు తెరిచి ఆ మాటలో మొదటి మూడక్షరాలు కొట్టింది. ఎడిటర్ మిగతా మాటంతా చూపించింది. అక్క కుర్చీ వెనక్కి జరిపి నా వైపు తిరిగింది.

"నేనెక్కడో కొట్టినదాన్ని ఇక్కడ అందిస్తోంది చూడు" అంది. "నా మాట నేను పూర్తి చేసేలోపు ఇది పూర్తి చేస్తే, రేపు తప్పొచ్చినప్పుడు అది ఎవరి మాట అవుతుందమ్మా?"

నేను నవ్వేశాను. ఆ సలహాలు ఆపేయొచ్చక్కా, అన్నిటికీ సెట్టింగులుంటాయి అన్నాను. అలా అయితే సరేనంది. రెండు వారాలయ్యాక మేమందరం మెచ్చిన ఎడిటర్‌కే ఆవిడా ఒప్పుకుంది. షరతులు మూడు పెట్టింది. నల్ల తెర ఉండాలి. సలహాలు ఉండకూడదు. ఇంకా, తను చెప్పకుండా అది తన ఫైల్లో ఒక్క అక్షరం, ఒక్క ఖాళీ కూడా కదపకూడదు.

ఆ మూడో షరతు దేని గురించో నాకు బాగా తెలుసు. చాలామంది ఎడిటర్లలో ఒక సెట్టింగు పెట్టుకుంటారు. సేవ్ చేయగానే ఫైలంతా సర్దేస్తుంది. ఖాళీలు సమానం చేస్తుంది, లైన్లు విరుస్తుంది, కలుపుతుంది. చూడ్డానికి బాగుంటుంది. నేనూ అది పెట్టుకున్నాను. అక్క కంప్యూటర్లో కొత్త ఎడిటర్ పెట్టేటప్పుడు ఒక్కొక్క సెట్టింగూ వెతికే ఓపిక లేక నా సెట్టింగుల ఫైలునే తీసుకెళ్లి అక్కడ పెట్టేశాను. కంటికి కనబడేవి రెండు మార్చాను, తెర నల్లగా చేశాను, సలహాలు ఆపాను. సర్దుడు సంగతి వదిలేశాను. మరిచిపోయానని చెప్పుకోవచ్చు గాని, మరిచిపోలేదు. ఏముందిలే, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

"మూడూ చేశావా?" అనడిగింది.

"చేశాను."

"నిజమేనా?"

"నిజం అక్కా" అన్నాను. ఎప్పుడూ మూడుసార్లు అడిగే మనిషి ఆ రోజు రెండుసార్లతో ఆపింది. తాళం లాగి చూసే మనిషి ఆ సెట్టింగులు తెరిచి చూడలేదు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. బతికిపోయాననుకున్నాను.

మరో వారానికి ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారు. అక్కడ ఫోన్లు ఎత్తే అమ్మాయి మానేసిందట, అత్యవసరమైనవాళ్లు ఫోన్ చేయకుండా సైటులోనే గడికి టిక్కు పెట్టమని పేజీ మీద ఒక వాక్యం రాయమన్నారు. అక్క ఆ ఒక్క వాక్యం చేర్చింది. చేర్చే ముందు నన్నడిగింది, ఈ టిక్కు పెడితే డాక్టరుకు అందుతుందా అని. నేనే పరీక్షించాను, అందుతుంది అన్నాను. అది అబద్ధమని నాకు అప్పటికి తెలియదు. అక్క సేవ్ నొక్కింది. తెర మీద లైన్లు ఒక్కసారి కదిలాయి.

ఏంటమ్మా ఇది, కదిలింది అంది. కొత్త ఎడిటర్ అంతేనక్కా అన్నాను. ఆవిడ కాసేపు తెరనే చూసింది, తర్వాత నన్ను చూసింది.

పదకొండు రోజుల తర్వాత ఆసుపత్రి పెద్ద డాక్టరు అగ్గి మీద గుగ్గిలమై మేడమ్‌కు ఫోన్ చేశాడు. ఒక వెల్డరు కంట్లో ఇనుప రజను పడితే సైటులో టిక్కు పెట్టి, మీ విన్నపం అందింది అన్న మాట చూసి, ఒక రోజంతా ఇంట్లో కూర్చుని ఎదురుచూశాడట. చివరికి వేరే ఆసుపత్రికి వెళ్లాడు. కన్ను దక్కింది. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేది కాదన్నారు. వెతికితే మా ట్రయల్ మెయిల్లో అలాంటి విన్నపాలు ఏడు దొరికాయి. ఆ మెయిలు పేరు వినగానే ఆ గడి పెట్టిన మధ్యాహ్నం, ఆ లైను కొట్టిన వేళ్లు, అన్నీ గుర్తొచ్చాయి.

మేడమ్ గదిలో అందరం కూర్చున్నాం. లీడ్ నిలబడే ఉన్నాడు. ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు. ఆ ఫైల్లో మొత్తం ఆరువందల నలభై లైన్లు. ప్రతి లైను పక్కనా అక్క పేరే ఉంది, పదకొండు రోజుల కిందటి తేదీతో. ఆవిడ మార్చింది ఒక్క లైను. మిగతావన్నీ నేను వదిలేసిన ఆ సర్దుడు వల్ల కదిలాయి. కదిలిన ప్రతి లైనునూ రిజిస్టరు ఆవిడ ఖాతాలో రాసేసింది. డాక్టరుకు అందని ఆ ఏడు విన్నపాలు కూడా సరిగ్గా ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

"ఇన్ని లైన్లు నేను ఒక్క పూటలో రాశానంటారా?" అని అక్క అడిగింది.

లీడ్ రిజిస్టరులో ఒక మెట్టు వెనక్కెళ్లి చూశాడు. అంతకుముందు ఆ లైన్ల పక్కన ఉన్నది రిజిస్టరు మొదలుపెట్టినప్పటి తన పేరే. అంటే పాత సరుకు, ఎవరిదీ కాదు. ఎవరిదీ కాకపోతే ఆ సైటు ఎవరు చూస్తున్నారో వాళ్లదే అవుతుందన్నాడు. చూస్తున్నది అక్క. మేడమ్ చెడ్డ మనిషి కాదు, కానీ ఆసుపత్రివాళ్లు ఒక పేరు అడుగుతున్నారు, ఆ పేరు గల మనిషి ఇక్కడ ఉండకూడదంటున్నారు. శుక్రవారం లోపల తేల్చేద్దామంది. ఈ వయసులో కొత్త పద్ధతులు అందరికీ పట్టుబడవులెండి అని లీడ్ మెల్లగా అన్నాడు. అక్క అతని వైపు కూడా చూడలేదు. బల్ల మీద ఉన్న తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

నేను నోరు విప్పలేదు. విప్పితే రెండు తప్పులు బయటపడతాయి, లైనూ నాదే, సర్దుడూ నాదే. వచ్చే నెల సహాయకురాలి పని పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. నేను ఒప్పుకోకపోయినా అది నాదని ఎక్కడా లేదు కదా అనుకున్నాను. ఆ మాట అనుకున్న క్షణంలోనే స్టీలు డ్రాయరు గుర్తొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులూ నాకు నరకం. అక్క ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే మెట్లెక్కింది, డబ్బా మూత తీసి వాసన చూసింది. ఆవిడ బ్యాగు జిప్పు చప్పుడైతే చాలు, నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయేవి. ఇప్పటికే తీసి చూసిందా? చూసి ఎవరికైనా చెప్పిందా? మేడమ్ పొద్దున నన్ను చూసి నవ్విన నవ్వు మామూలు నవ్వేనా? లీడ్ నా టేబులు దగ్గర ఎందుకు ఆగాడు? టీ ఇస్తూ చక్కెర సరిపోయిందా అని అక్క అడిగితే అందులో కూడా ఏదో ఉందనిపించింది. ఆరేళ్లు ఆవిడ అనుమానాన్ని చూసి నవ్విన నేను, రెండు రోజుల్లో ఆవిడను మించిపోయాను.

గురువారం మధ్యాహ్నం ఒక్కటే ప్రశ్న అడిగింది. అమ్మ ఆపరేషన్ అప్పుడు ఆ సైటు ఎవరు చూశారమ్మా అని. అందరం తలా కొంచెం చూశాం అన్నాను. ఊఁ అంది.

శుక్రవారం మేడమ్ నాలుగింటికి రమ్మంది. మూడున్నరకు అక్క లేచి, ఒకసారి బయటికి రా అంది. రెండో అంతస్తు మలుపులో, కుట్టుమిషన్ల చప్పుడు వినబడే చోట ఆగాం. బ్యాగులోంచి మడత పెట్టిన కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. పైన ఎర్ర సిరాతో 113. విప్పితే, ట్రయల్ మెయిలు ఉన్న లైను పక్కన టిక్కు. కింద నా చేతిరాత, నా సంతకం, పక్కన టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక.

"నీదేనా?" అంది.

"నాదే అక్కా."

"ఆ రోజు చదివి పెట్టమన్నాను. చదవలేదు నువ్వు. టిక్కులు పెట్టిన నేనూ ఆ చిరునామా పట్టుకోలేదు, అది నా తప్పు."

ఇది మేడమ్‌కు నువ్వే ఇవ్వొచ్చు కదా అని అడిగాను.

"ఇవ్వొచ్చు. మొన్ననే ఇవ్వొచ్చు" అంది. "ఇదొక్కటే ఉంది. నీ దగ్గరే ఉంచు. నాలుగింటికి వస్తాను." అని చెప్పి, వాళ్లమ్మకు కంట్లో మందు వేశారో లేదో కనుక్కోవాలని ఫోన్ తీసుకుని కిందికి దిగిపోయింది.

నేను పైకొచ్చాను. మా ప్రింటరు పక్కన కాగితాలు ముక్కలు చేసే మిషన్ ఉంటుంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పచ్చదీపం వెలుగుతూ ఉంది. నా చుట్టూ ఎవరూ లేరు. నా బుర్రలో మాత్రం ఒకటే లెక్క నడిచింది. లిఫ్టు ఎక్కని మనిషి, నాలుగు మెట్లు దిగి మళ్లీ తాళం లాగే మనిషి, ఒక చీటీ పోయినందుకు బతుకంతా కాగితాలు దాచుకున్న మనిషి, ఉన్న ఒక్క ప్రూఫునూ నా చేతికిస్తుందా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతోంది? జిరాక్సు తీయకుండా ఉండదు. నేనిది ముక్కలు చేసి నాలుగింటికి అమాయకంగా కూర్చుంటే, బ్యాగులోంచి రెండోది తీసి బల్ల మీద పరుస్తుంది. అప్పుడు నా పరువు ఏ గంగలో కలవాలి?

నాలుగు కాకముందే మేడమ్ గది తలుపు తట్టాను. కాగితం బల్ల మీద పెట్టి రెండు తప్పులూ చెప్పాను, లైనూ, సెట్టింగూ. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అక్క వచ్చేసరికి మాట అయిపోయింది. ఆవిడ బల్ల మీది కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదలు.

నా ఉద్యోగం పోలేదు. సహాయకురాలి పని పోయింది. ఆసుపత్రికి నా పేరే వెళ్లింది, నేనే వెళ్లి పెద్ద డాక్టరు ముందు నిలబడి మాటలు పడ్డాను, వెల్డరు ఇంటికి కూడా వెళ్లి వచ్చాను. లీడ్ అక్కకు క్షమాపణ చెప్పాడు, ఆ రోజు కూర్చుని చెప్పాడు. రిజిస్టరు ఉంటుంది, ప్రూఫులూ ఉంటాయని మేడమ్ తేల్చేసింది. పైగా అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. తప్పు ఒప్పుకోవడానికి గుండె ధైర్యం కావాలంది. మిగతావాళ్లు తలలూపారు. నేను ఎటో చూస్తూ కూర్చున్నాను.

అక్క ఇప్పుడు ఆ కొత్త ఎడిటరే వాడుతుంది. పాతదానికి వెళ్లొచ్చని మేడమ్ చెప్పినా వెళ్లలేదు. తప్పు దానిది కాదు కదా అంది. సెట్టింగుల పేజీలన్నీ ప్రింటు తీసి, ఒక్కొక్కటీ చదివి, తనకు కావలసినట్టు పెట్టుకుంది. రోజూ పొద్దున నా కుర్చీ దగ్గరికి కూడా వచ్చి, నా ఎడిటర్లో ఆ సర్దుడు ఆపేశానో లేదో తెరిపించి చూసుకుంటుంది. ఆపేశానక్కా అంటే, ఏదీ చూడనీ అంటుంది. ఆ మాట వింటే నాకు హాయిగా ఉంటుంది.

ఒకటి మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. రెండు నెలలాగి, టీ తాగుతూ ఊరికే అడిగినట్టు అడిగాను, ఆ నూట పదమూడోదానికి జిరాక్సు ఎక్కడ దాచావక్కా అని. తీయలేదమ్మా అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాకు నమ్మకం కుదరలేదు.

మొన్న వాళ్లమ్మకు రెండో కంటికి ఆపరేషన్ అయితే అక్క మళ్లీ సెలవు పెట్టింది. ఈసారి డ్రాయరు తాళంచెవి నా చేతికిచ్చి వెళ్లింది. ఎవరు ఏది మార్చినా ప్రూఫు తీయించి వరసలో పెట్టమంది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగగానే నేను చేసిన మొదటి పని డ్రాయరు తెరవడం. వెతకడానికే తెరిచాను, దాచడమెందుకు. నూట పన్నెండు ఉంది. నూట పద్నాలుగు ఉంది. మధ్యలో అరచేతంత చీటీ ఒకటి ఉంది, మేడమ్ గదిలో కూర్చున్న ఆ శుక్రవారం తేదీతోనే. అందులో అక్క గుండ్రటి రాత.

"113 అమ్మాయికి ఇచ్చాను. జిరాక్సు తీయలేదు."

మిగతా డ్రాయరంతా గాలించాను. ఎక్కడా లేదు.

ఆ రోజు మేడమ్ గదిలోకి నన్ను నడిపించింది ధైర్యమని అందరూ అనుకుంటున్నారు. అక్క కూడా అలాగే అనుకుంటోంది, అందుకే తాళంచెవి ఇచ్చింది. ఇదొక్కటే ఉందన్న ఆవిడ మాట నేను అప్పుడు నమ్మి ఉంటే ఆ కాగితం ఏమయ్యేదో నాకు తెలుసు.

చీటీని ఎక్కడిది అక్కడే పెట్టి తాళం వేశాను. మూడుసార్లు లాగి చూశాను.